బొంత మీద వేటకుక్క

కుక్కల పందేలు మన సీమలో లేవు. గుండ్రటి ట్రాకు మీద బొమ్మ కుందేలు వెంట గ్రేహౌండ్లను పరిగెత్తించి, కాళ్ళలో సత్తువ తగ్గగానే పెంచుకునేవాళ్ళ ఇళ్ళకు పంపించడం అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో జరిగే వ్యవహారం. మన దగ్గరున్నది వేరే. కర్నూలు పడమటి మెట్టల్లో, కడప జిల్లా నల్లరేగడి బయళ్ళలో సన్న నడుము, లోతు రొమ్ము, పొడుగు మూతి ఉన్న వేటకుక్కలు ఇప్పటికీ కనపడతాయి. కొన్నింట్లో కర్ణాటక ముధోల్ జాతి రక్తం, కొన్నింట్లో గ్రేహౌండ్ రక్తం, చాలావాటిలో రెండూ కలిసినట్టుంటాయి. ట్రాకును మూసేసినట్టు వీటి కొలువును ఒక తేదీ పెట్టి ఎవరూ మూసేయరు. కాలు విరిగిననాడు, ముసలితనం వచ్చిననాడు, ఫారెస్టువాళ్ళ కేసంటే యజమాని భయపడిననాడు ఒక్కొక్కటే రోడ్డు మీదికి వస్తాయి.

అట్లా వచ్చిన ఒక ఆడకుక్క గురించి మామకూ మేనకోడలికీ నడిచిన వాదన ఇది. మామది జమ్మలమడుగు దగ్గరి పల్లె. వాళ్ళ నాయన కాలంలో ఇంటినిండా వేటకుక్కలు. కోడలు కర్నూల్లో బడి టీచరు. మనుషుల పేర్లతో మనకు పనిలేదు. కుక్క పేరు రాకెట్టు. తీర్పు చెప్పే పని నేను పెట్టుకోలేదు గానీ, ఊరుకోలేక అక్కడక్కడ ఒక మాట వేశాను.

మామ: ఏందమ్మీ ఇది? మంచం, మంచం మీద బొంత, బొంత మీద కుక్క! మీ అవ్వకు గూడా ఇంత మెత్తగా ఎవురూ పరచలేదు గదా.

కోడలు: దాని మోచేతులు చూడు మామా. ఒంట్లో కొవ్వు లేదు, తోలు పల్చన. వట్టి బండ మీద పడుకుంటే నెల తిరక్కుండానే కాయలు కాస్తాయి, ఆ కాయలు పుండ్లయి కూర్చుంటాయి.

మామ: మా ఇంట్లో కుక్కలు దిబ్బ మీద పండుకుంటాండె. కాయలూ లేవు, పుండ్లూ లేవు.

కోడలు: దిబ్బ మెత్తగా ఉంటుంది మామా. బూడిద, పొట్టు, పేడ. నా ఇంట్లో దిబ్బ లేదు, నున్నగా పాలిష్ పట్టిన కడప బండలున్నాయి. తెచ్చిన కొత్తలో వాటి మీద అడుగేయడానికే వణికేది. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారిపోయేవి. వాకిలి నుంచి వంటింటి దాకా గోనెపట్టలు పరిచినాక గానీ ఇంట్లో తిరగలేదు. మెట్లు ఎట్లా ఎక్కాలో తెలీదు. అద్దంలో ఇంకో కుక్కను చూసి మంచం కిందికి దూరింది. మోటారు సైకిలు స్టార్టు చేస్తే ఇప్పటికీ గుంజుతుంది, వేటకు పోదామనో, పారిపోదామనో నాకు అర్థం కాదు.

మామ: వేటకే. నాకు తెలుసు. పడక సంగతి వదిలేయ్, నేనడిగేది వేరే. ఇది పరిగెత్తేదానికి పుట్టిన జీవం. దాన్ని తీసుకొచ్చి పండబెట్టినావు. పుణ్యం జేసినాననుకుంటాండావు, నాకు మాత్రం మడక దున్నే ఎద్దును గాటిపాట్లో కట్టేసి మేపినట్టుండాది. నువ్వు దాని పరుగు చూడలేదు. శనగ కోతలయినాక, మంచు ఇడవకముందే పోతాండిమి. మా నాయన ముందర, కుక్కలు ఆయన పక్కన, పిల్లకాయలం మేం ఎనకమాల. గెనెం కింద గడ్డి చాటున చెవులు ఒంటికి ఆనించుకోని కుందేలు కూచోనుంటాది. కాలి కింద పడేదాకా కదలదు. లేచిందంటే నేరుగా పోదు; అడ్డం తిరుగుతాది, మళ్ళా తిరుగుతాది. దాని ఎనక కుక్క! ఒక్కో అంగలో రెండు తూర్లు నాలుగు కాళ్ళూ గాల్లో ఉంటాయి. గుర్రానికి గూడా ఒక తూరే. చూసే మనకు ఊపిరాడదు.

కోడలు: ఎంతసేపు మామా ఆ పరుగు?

మామ: ఎంతసేపంటే... వక్కాకు నమిలి ఊసేంత సేపు గూడా కాదు.

కోడలు: తర్వాత?

మామ: తర్వాత నాలిక బయటేసుకోని పండుకుంటాది.

కోడలు: ఎంతసేపు?

మామ: దినమంతా. సరే, నీ మాట అర్థమయింది లే.

కోడలు: దీని రక్తంలో ఉన్నది ఒక్క ఉరుకు, అంతే. గంటకు అరవై కిలోమీటర్లు దాటే ఉరుకు. గొర్రెల కాపరి కుక్క మాదిరి పొద్దంతా తిరిగే సత్తువ కాదు. పొద్దున ఒక నడక, రాత్రి ఒక నడక చాలు. మిగతా పదహారు గంటలో పద్దెనిమిది గంటలో నిద్రపోతుంది. గ్రేహౌండ్లు పెంచుకునేవాళ్ళంతా చెప్పే మాట ఇదే. మెల్‌బోర్న్‌లో ఉండే మన చిన్నోడి ఇంట్లో కూడా ట్రాకు నుంచి వచ్చిన గ్రేహౌండు ఉంది గదా, వాడు దాన్ని సోఫా కుక్క అంటాడు.

మామ: నిద్దర్లో కాళ్ళాడిస్తాది, చూసినావా? అది యాడికి పోతాందో వానికి తెలీదు, నీకు తెలీదు.

కోడలు: చూసినా. తాకబోయినా కూడా. ఉలిక్కిపడి పళ్ళు బయటపెట్టింది, కళ్ళు తెరిచినాక అదే సిగ్గుపడింది. కొన్ని కళ్ళు తెరుచుకొనే నిద్రపోతాయంట. అందుకే ఇంటికొచ్చే పిల్లలకు మొదట అదే చెప్తా: పడుకున్నప్పుడు చెయ్యి వేయొద్దు, దూరం నుంచి పేరు పెట్టి పిలవండి, తల ఎత్తినాకనే దగ్గరికి పోండి.

మామ: ఇంత బక్కగా పెట్టినావేమి మరి? ఎముకలు లెక్కపెట్టొచ్చు.

కోడలు: వీధిలో ఆడోళ్ళంతా అదే అడుగుతారు. టీచరమ్మ జీతం తీసుకుంటది గానీ కుక్కకు కూడు పెట్టదంట. దీని కొలత వేరే మామా. చివరి రెండు మూడు పక్కటెముకలు, నడుము మీది ఎముకలు లీలగా కనపడాలి. అవి కనపడకుండా మేపితే ఆ సన్నకాళ్ళ మీద బరువు పడుతుంది. పైగా దీనికి ఒకసారి విరిగిన కాలు.

మామ: పెట్టేదేంది?

కోడలు: రాగిసంగటో, జొన్నన్నమో, దాంట్లో ఉడికించిన కోడికూర, గుడ్డు. కార్జం వారానికొకసారి. ఉల్లిగడ్డ, తెల్లగడ్డ తగలనియ్యను. అవి కుక్క రక్తాన్ని చెడగొడతాయి. ద్రాక్షపండ్లు అసలే వద్దు. ఉడికిన ఎముకలు వేయను, పేలికలై పేగుకు గుచ్చుకుంటాయి.

మామ: కరువు సీమలో కుక్కకు గుడ్డు! మా చిన్నప్పుడు గుడ్డు అమ్మేదానికే గానీ తినేదానికి కాదు.

కోడలు: తెలుసు. అందుకే నేను రెండో కుక్కను తేలేదు.

(ఈ జవాబు నాకు నచ్చింది. పెంచుకోవడాన్ని గురించి మాట్లాడేవాళ్ళు ప్రేమ లెక్కలు చెప్తారు గానీ ఖర్చు లెక్కలు చెప్పరు. పెద్ద కుక్క అంటే నెలనెలా కోడికూర, ఏటేటా రేబిస్ టీకా, గోమార్ల మందు, ఏలికపాముల మందు, డాక్టరు. ఒక్కదానికే చాలే శక్తి ఉన్నవాళ్ళు ఒక్కదానితో ఆగడం కూడా సాకడంలో భాగమే.)

మామ: ఎండాకాలం ఎట్టా? కర్నూలు ఎండ మనుషులకే ఆనదు.

కోడలు: ఏప్రిల్, మే నెలల్లో పొద్దు పొడవకముందే నడక అయిపోవాలి. మళ్ళీ రాత్రి భోజనాల తర్వాతనే. ఎనిమిదింటికి కూడా తారు రోడ్డు మీద అరచెయ్యి పెట్టి చూస్తా. నా చెయ్యి ఆగకపోతే దాని పాదం ఆగదు. బొచ్చు పల్చన కాబట్టి ఎండ తగలదనుకుంటారు. పరిగెత్తినప్పుడు ఆ కండలన్నీ పొయ్యి మాదిరి వేడెక్కుతాయి. కుక్కకు ఒంటినిండా చెమట పట్టదు, నాలికతోనే ఆ వేడంతా దించుకోవాలి. మామూలుగా ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది డిగ్రీలుండే ఒళ్ళు నలభై ఒకటి దాటిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే.

మామ: వేటలో దమ్ము పడితే మా నాయన నీళ్ళు తాగనిస్తాండ్లా. ఊపిరి నెమ్మదించేదాకా చేతులతో పట్టుకోని నడిపిస్తాండె. తడిగుడ్డ కప్పుతాండె.

కోడలు: నడిపించడం మంచిదే. నీళ్ళు మాత్రం కొద్దికొద్దిగా అప్పటికప్పుడే తాగనియ్యాలి. ఒక్కసారిగా బకెట్టు ముందర పెట్టకూడదు, అంతే. తడిగుడ్డ కప్పి వదిలేస్తే కాసేపటికి అదే వేడెక్కి, లోపలి సెగను బయటికి పోనియ్యదు. ఒంటి మీద నీళ్ళు పోస్తానే ఉండాలి, ఫ్యాను గాలి తగలాలి, తర్వాత డాక్టరు దగ్గరికి ఉరకాలి.

మామ: మరి వేటకు ముందు కూడు పెట్టేవాళ్ళం కాదు. అదీ తప్పేనా?

కోడలు: అది మాత్రం నూటికి నూరు పాళ్ళు రైటు. లోతు రొమ్ము కుక్కలకు కడుపు నిండా తిని ఉరికితే కడుపు ఉబ్బి మెలిపడొచ్చు. చిన్నోడు ఫోన్లో చెప్పకముందే అవ్వ నోట విన్నా నేను. పాదాలకు ఆముదం రాయడం కూడా మీ ఇంటి నుంచే నేర్చుకున్నా. నడక నుంచి రాగానే వేళ్ళ సందుల్లో చూస్తా: పల్లేరు కాయ ఉందా, తుమ్మముల్లు ఉందా, గోమారు ఉందా.

మామ: గోమార్లకు బూడిద రుద్దితే చాలు.

కోడలు: చాలదు మామా, ఇక్కడ నువ్వు నా మాట వినాలి. గోమారు జ్వరం మన వైపు ఎంత మామూలో అంత చెడ్డది. కుక్క మెత్తబడుతుంది, కూడు ముట్టదు, ముక్కులో నుంచి రక్తం కూడా రావచ్చు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి కనపడతాయి. నెలరోజులు డాక్సీసైక్లిన్ మింగించాలి. అయితే ఈ జాతికి ప్లేట్‌లెట్లు పుట్టుకతోనే తక్కువ. వేరే కుక్కకు రెండు లక్షలకు పైన ఉండేవి దీనికి లక్షన్నర ఉన్నా రోగం కాకపోవచ్చు. ఎర్రకణాల పాలు మాత్రం ఎక్కువ. మామూలు కుక్కకు నలభై, యాభై శాతం ఉంటే దీనికి అరవై దాకా పోతుంది. గ్రేహౌండ్లను చూసి ఎరగని డాక్టరు ఆ కాగితం చూస్తే ఒంట్లో నీళ్ళు ఎండిపోయినాయని సెలైన్ పెడతాడు, లేదా లేని జ్వరానికి మందిస్తాడు. థైరాయిడ్ అంకె కూడా అంతే, తక్కువుంటే జబ్బని కాదు. అందుకే ఒళ్ళు బాగున్నప్పుడే ఒకసారి రక్తం తీయించి ఆ కాగితం ఫైల్లో పెట్టినా. రేపు ఏదైనా జరిగితే దానితో దాన్నే పోల్చుకోవాలి, పక్కింటి కుక్కతో కాదు.

మామ: (కాసేపు ఊరుకుని) మా నాయన కుక్కకొకదానికి పంది చీల్చితే కుట్లేయించినాం. మత్తిచ్చినారు. మర్నాడు మధ్యాన్నం దాకా లేవలే. సచ్చిపోయిందనుకోని గుంత గూడా తవ్వినాం.

కోడలు: అది థయోపెంటాల్ లాంటి మందై ఉంటుంది. ఆ జాతి మందును వీటి కాలేయం నెమ్మదిగా గానీ కరిగించలేదు. కొవ్వు లేదు కాబట్టి దాచుకోడానికి చోటూ లేదు, రక్తంలోనే తిరుగుతానే ఉంటుంది. దీనికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించేటప్పుడు ముందే చెప్పినా, వేరే మందు వాడినారు. సాయంత్రానికి లేచి మజ్జిగ తాగింది.

మామ: ఆ ఆపరేషను సంగతికి నేను మళ్ళా వస్తా, మర్చిపోలేదు. ముందు తాడు సంగతి చెప్పు. ఇంటి ముందర గూడా తాడేనా?

కోడలు: తాడు లేకుండా గడప దాటనియ్యను. మామూలు బెల్టు పనికిరాదు. దీనికి మెడకన్నా తల సన్నం, ఎనక్కి ఒక గుంజు గుంజితే ఊడిపోతుంది. లాగినప్పుడు కొద్దిగా మాత్రం బిగిసే మార్టింగేల్ బెల్టు తెప్పించినా. కొత్తలో మూతికి చిక్కం కూడా కట్టినా, సందులో పిల్లులు, మేకపిల్లలు ఉంటాయి గదా. చిన్నోడుండే విక్టోరియా రాష్ట్రంలో 2019 నుంచి ఇంట్లో పెంచే గ్రేహౌండ్లకు చిక్కం అక్కర్లేదన్నారు, తాడు మాత్రం తీయొద్దన్నారు. అంత పచ్చికబయళ్ళు, అన్ని కంచెలు ఉన్న దేశంలోనే ఆ మాట. మన దగ్గర వదిలితే ఏముంది? ఒక పక్క నేషనల్ హైవే నలభై నాలుగు, ఇంకో పక్క నంద్యాల మీదుగా కడపకు పోయే నలభై. ఊరు దాటితే గట్టు లేని ఎండుబావులు. అరవై కిలోమీటర్ల వేగంతో ఉరికేదానికి బావి కనపడి ఆగేలోపల...

మామ: బావుల మాట నిజమే. మా టైగరు అట్లనే పోయింది. ఇప్పుడు ఇంకా చెడ్డ. అడవిపందుల కోసం చేలకు దొంగకరెంటు తీగలు కడతాండారు. నాటుబాంబులు పిండిలో చుట్టి పెడతాండారు. కుక్క నోట పెట్టిందంటే తల ఉండదు.

కోడలు: అయినా నన్నెందుకు వదలమంటావు?

మామ: నిన్ను వదలమనలేదు. వేటగానికిచ్చింటే పోయేదంటాండా. వాడు పొలం తెలిసినోడు. యాడ బావుండాదో, యాడ తీగుండాదో వానికి తెలుసు.

కోడలు: ఆ తెలిసినోడే దీన్ని ఓర్వకల్లు రోడ్డు పక్కన పారేసి పోయింది మామా, ఎనకకాలు విరిగినాక. అసలు కుందేలు వేట నేరం. 1972 నుంచి వన్యప్రాణుల చట్టం ఉంది.

మామ: చట్టం! ఒక కుందేలు కొడితే కొంప మునిగిందా? ఫ్యాక్టరీలు గుట్టలు మింగితే అడిగేటోడు లేడు.

కోడలు: రోళ్ళపాడు చూడు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసినారు. పిట్ట ఏది? నేల మీద గుడ్డు పెట్టే పిట్ట, నేల మీద పిల్లను దాచే కృష్ణజింక. వాటి మధ్యన వదిలేసిన కుక్కలు తిరిగితే ఏమవుతుంది?

మామ: బట్టమేక పోయింది నా కుక్క వల్ల కాదమ్మీ. కాలవ నీళ్ళొచ్చినాయి, పైర్లు మారినాయి, గడ్డి బీళ్ళు చేలయినాయి. పిట్టకు కూచునే చోటు లేక పోయింది. ఆ పాపం తీసుకొచ్చి వేటగాని మెడకు కట్టద్దు. ఇంకోటి చెప్తా విను. కలివికోడి! తెల్లోళ్ళ కాలంలో పెన్న ఒడ్డున చూసినారు, 1900 తర్వాత ఎవురికీ కనపడలే. పుస్తకాల్లో అంతరించిందని రాసుకున్నారు. 1986 జనవరిలో మన సిద్దవటం పక్క రెడ్డిపల్లి దగ్గర రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టింది ఎవురు? పెద్ద చదువులు చదివినోడా? వేటగాడు. వాడు పట్టకపోయింటే లంకమల అభయారణ్యం యాడిది? ఆ నేల తెలిసింది వానికే.

కోడలు: నిజం. ఆ పట్టిన పిట్ట బతికిందా మామా?

మామ: ...లేదు.

(నేను ఇక్కడ ఇద్దరినీ ఒప్పుకుంటాను. ఎనభై ఆరేళ్ళు శాస్త్రజ్ఞులకు చిక్కని పిట్ట వేటగాని చేతికి చిక్కింది, ఆ చేతిలోనే పోయింది. ఆ తర్వాత తెలుగుగంగ కాలవ దారి మళ్ళించాల్సి వచ్చిందన్నా, లంకమలను కాపాడాల్సి వచ్చిందన్నా ఆ ఒక్క రాత్రే మూలం. వేటగాని తెలివిని పారేసి అడవిని కాపాడలేం. వేటను నిలబెట్టీ కాపాడలేం.)

మామ: అహోబిలం నరసింహస్వామే కనుమనాడు పారువేటకు బయల్దేరతాడు. దేవునికి లేని నేరం మనిషికా?

కోడలు: స్వామి పల్లకీలో ముప్పైకి పైగా ఊర్లు తిరుగుతాడు, నలభై దినాలకు పైన. చెంచులు బాణాలు వేస్తారు, ఊరూరా తెలుపు అనే అరుగు మీద కూచుంటాడు, జనం పండగ చేసుకుంటారు. ఏ ఊర్లో అయినా కుందేలును చంపి తెచ్చుకున్నాడా? వేట పోయి వేడుక మిగిలింది, ఎవరికీ లోటు రాలేదు.

మామ: నోరు గట్టిది నీకు, మీ అమ్మ మాదిరే.

కోడలు: బయటి దేశాల్లో కూడా మారుతున్నారు. ఫ్లోరిడాలో 2018 నవంబరులో జనం ఓట్లేసి కుక్కల పందేలు వద్దన్నారు. 2020 ఆఖరుకు ట్రాకులన్నీ పందేలు ఆపేసినాయి. మకావులో 2018లో ట్రాకు మూస్తే ఐదువందలకు పైగా కుక్కలు మిగిలినాయి, దేశదేశాల్లో ఇళ్ళు వెతికి పంపినారు. న్యూజిలాండ్ కూడా 2024 డిసెంబరులో ఆపేస్తామని ప్రకటించింది.

మామ: వాళ్ళను, మమ్మల్ని ఒకే గాటన కట్టద్దు. వాళ్ళు పందెం కాసి సంపాయించుకున్నారు. మేం ఆకలికి కొట్టినాం. కరువులో కుందేలు కూర ఎంతమందికి పంచుతాండిరో నీకేం తెలుసు?

కోడలు: ఇప్పుడు ఆకలికా కొడుతున్నారు? రాత్రిపూట ఎల్‌ఈడీ లైట్లు, బండ్లు, సెల్లులో వీడియోలు.

మామ: వాళ్ళు వేటగాళ్ళు కాదు. వాళ్ళ గురించి నన్నడగద్దు.

కోడలు: సరే, తాత గురించే అడుగుతా. తాత కుక్కలు ముసలివయితే ఏం చేస్తాండె?

మామ: ఎందుకిప్పుడు అది?

కోడలు: చెప్పు మామా.

మామ: ...పెన్న దాటించి వదిలేసి వస్తాండిరి. నీళ్ళున్నప్పుడు. తిరిగి రాకుండా. ఒకటి వచ్చింది గూడా, ఈది. మళ్ళా తీసుకపోయి ఇంకా దూరం వదిలినారు. నువ్వట్లా చూడద్దు. అప్పుడు మనుషులకే గంజి. ముసలి ఎద్దును సంతకు తోలినోళ్ళం, ముసలి కుక్కను సాకుతామా? పని చేసినన్నాళ్ళు దాని పాలు దానికి పెట్టినాం, వేటలో పేగులూ గుండెకాయా దానికే. అది రాజు మాదిరి బతికింది.

కోడలు: రాజు మాదిరి ఆరేళ్ళు. ఈ జాతి పది పన్నెండేళ్ళు బతుకుతుంది మామా. మిగిలిన ఆ ఏళ్ళ సంగతే నేను చూస్తున్నా. నేను తాతను తప్పు పట్టలేదు. కానీ నాకు జీతముంది, ఇల్లుంది. నాకు ఆ సాకు లేదు.

మామ: సరే. ఇప్పుడు ఆపరేషను సంగతి. నాకు అసలు నొప్పి అక్కడే ఉండాది. దీని ఈత ఆపేసినావు. నీ మాదిరి దయ కలిగినోళ్ళు ఒక్కొక్కదాన్ని ఇంటికి తీసుకపోయి ఆపరేషను చేయిస్తాండారు. వేటగాళ్ళు కేసులకు భయపడి పెంచడం మానేస్తాండారు. ఇరవై ఏండ్లకు మన సీమలో ఈ కుక్క ఉంటాదా? ముధోల్ కుక్కకు అక్కడి ఘోర్పడే రాజులు నిలబడినారు, సర్కారు తిమ్మాపురంలో కేంద్రం పెట్టింది, 2005లో పోస్టల్ స్టాంపు వేసినారు, మిలిట్రీవాళ్ళు తీసుకపోయినారు. కోస్తావాళ్ళ జోనంగికి పేరన్నా ఉండాది. మన కుక్కకు పేరు గూడా లేదు. పేరు లేనిది పోతే పోయిందని గూడా ఎవురికీ తెలీదు.

కోడలు: దీనికి నా దగ్గర జవాబు లేదు మామా.

మామ: లేదని ఒప్పుకుంటివే!

కోడలు: లేదు. రోడ్డు మీద దొరికిన కుక్కకు ఆపరేషను చేయించకపోతే దాని పిల్లలు మళ్ళీ రోడ్డు మీదికే. పుట్టే పిల్లకు ఇల్లు ఎవరో ముందు తెలిస్తే గదా పుట్టనిచ్చేది. ముధోల్లో ఏ కుక్క ఏ ఈతదో రాసుకునే పని, కొనేవాని లెక్క, అన్నీ ఉన్నాయి కాబట్టి నిలబడింది. మన దగ్గర అట్లాంటి పని ఎవరన్నా మొదలుపెడితే నేను అడ్డం రాను. రాకెట్టుతో మాత్రం అది కాదు. విరిగిన కాలుతో ఈనమని దాన్ని నేను అడగలేను.

(పశువైద్య కళాశాల ప్రొద్దుటూరులోనే ఉంది. ఒంగోలు గిత్తకూ నెల్లూరు గొర్రెకూ దక్కిన చూపు ఈ మెట్టకుక్కకు కూడా దక్కితే మామ నొప్పికి కొంత మందు దొరుకుతుంది. కోడలి ఇల్లు ఒక కుక్కను కాపాడుతుంది. జాతిని కాపాడే పని ఇంటిది కాదు. ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెప్తూ ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్నారేమోనని నాకు చాలాసేపటి నుంచి అనుమానం.)

మామ: అట్లయితే ఒక పని చేయి. దీన్ని నాకియ్యి. చీనీ తోట కాడ ఉంటాది. నేను వేటకు తీసుకపోనులే, ఒట్టు.

కోడలు: ఇయ్యను. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, పెంచుకుంటామని తీసుకున్నవాళ్ళు ఆ కుక్కలు మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకోవాలని. నీ తోటకు గేటే లేదు.

మామ: గేటు పెట్టిస్తే?

కోడలు: ఇయ్యను గానీ తీసుకొస్తా. దసరాకు, సంక్రాంతికి. తాడు తీసి వదిలే చోటు దానికి ఇంతవరకూ దొరకలేదు. చలికాలం పొద్దున ఒక్క చుట్టు ఉరికితే నాకూ చూడాలనుంది. నువ్వు చెప్పిన రెండు తూర్ల ఎగురుడు నేను చూడనేలేదు.

మామ: అట్లా దారికి రా! తోట చుట్టూ కంచె ఉండాది గదా, వేసి మూడేండ్లు గూడా కాలే.

కోడలు: అది ముళ్ళకంచె. దీని తోలుకు ఒక్క ముల్లు తగిలితే చీలికే, కుట్లే. జాలీ కావాలి.

మామ: జాలీనా? ఎకరంన్నర చుట్టూతానా?

కోడలు: ఎకరంన్నర అక్కర్లేదు. చెట్లు లేని ఆ తూర్పు మూల, బోరు కాడి నుంచి గట్టు దాకా చాలు. ఆరడుగుల ఎత్తు. కింద సందు ఉండకూడదు. బోరుకు వేసిన పాత గుంతను పూడ్చాలి. చీనీ పుల్లలు ఏరేయాలి.

మామ: ఆరడుగులంటే రాతికూసాలు పొడుగువి కావాల. బేతంచర్ల నుంచి తెప్పియ్యాల. ఖర్చు ఎవురిది?

కోడలు: జాలీ నాది. కూసాలు నీవి.

మామ: కూలి?

కోడలు: సగం సగం.

మామ: కూసాల కన్నా జాలీనే చవక గదమ్మీ, నాకు తెలీదనుకుంటివా? కూలి మొత్తం నువ్వు పెట్టుకో, సంక్రాంతికి ముందే గుంతలు తీపిస్తా.